అమ్మ మొదటి పాస్‌పోర్టు: తిరుపతి పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో మా అనుభవం

మా అమ్మకు 61 ఏళ్లు. చెల్లెలి కాన్పుకు డల్లాస్ వెళ్లాలని ఇప్పుడు మొదటిసారి పాస్‌పోర్టుకు పెట్టాం. అమ్మకు బర్త్ సర్టిఫికెట్ లేదని ఒకటే టెన్షన్. శ్రీకాళహస్తిలో అవ్వ వాళ్లింట్లో, మంత్రసాని చేతుల మీద పుట్టింది. ఆ రోజుల్లో ఎవరు రాయించారు?

ఉన్నది టెన్త్ సర్టిఫికెట్. అందులో పుట్టిన తేదీ ఉంది, పుట్టుమచ్చలు కూడా ఉన్నాయి, పుట్టిన ఊరు మాత్రం లేదు. 2023 అక్టోబరు 1కి ముందు పుట్టినవాళ్లకు టెన్త్ సర్టిఫికెట్, పాన్, ఓటరు కార్డు లాంటివాటిలో ఒకటి ఉంటే తేదీకి చాలు. ఊరి సంగతి ఏమంటారో అనే నా భయం.

ఫారం మా వీధిలో ఒక నెట్ సెంటర్‌లో నింపించాం. ఫీజు 1,350 (60 దాటినవాళ్లకు 1,500లో పది శాతం తగ్గుతుంది), అతనికి 500. ఆధార్ అడ్రస్ చూసి పుట్టిన ఊరి దగ్గర కూడా తిరుపతి అనే కొట్టేశాడు. అపాయింట్‌మెంట్ రోజు పొద్దున ప్రింటు చదువుతుంటే కనబడింది. కాళ్లూ చేతులూ ఆడలేదు. దయచేసి సబ్మిట్ చేసేముందే ఆ ఒక్క గడి మీరే చూసుకోండి.

పెద్దామె కాబట్టి తోడుగా నన్నూ లోపలికి పంపారు. లోపల వరసగా A, B, C అని మూడు కౌంటర్లు. A కౌంటర్‌లో ఉన్న అమ్మాయికి కూర్చోగానే ఊరు తప్పు పడిందని చెప్పేశాను. ఆ అమ్మాయి నన్ను కాదు, అమ్మనే అడిగింది: "ఎక్కడ పుట్టినారమ్మా?" "కాళాస్తిలో, మా అమ్మగారింట్లో" అంది అమ్మ. అక్కడికక్కడే మార్చి, స్క్రీన్ మా వైపు తిప్పి స్పెల్లింగ్ చూసుకోమంది. అమ్మకు జిల్లా అంటే చిత్తూరే, కానీ 2022 ఏప్రిల్ 4 నుంచి కాళహస్తి తిరుపతి జిల్లాలోకి వచ్చింది కదా, అదే ఉంచాం. పాస్‌పోర్టు మీద ఎలాగూ ఊరు, రాష్ట్రమే పడతాయి. అంట్లు తోమి అరిగిన వేళ్లు, వేలిముద్ర ఓ పట్టాన పడలేదు. విసుక్కోకుండా తుడిచి తుడిచి తీసుకుంది. ఆ ఓపికకు నేను ఎన్ని స్టార్లయినా ఇస్తాను.

B కౌంటర్‌లో ఆఫీసరు ఒరిజినల్స్ చూశారు, C కౌంటర్‌లో రెండు నిమిషాలు. అంతే.

పక్కన ఒక జంట ఏడాదిన్నర బిడ్డతో వచ్చి వెనక్కి వెళ్లారు. వాళ్ల దగ్గర ఆసుపత్రి డిశ్చార్జి కాగితమే ఉంది. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బర్త్ సర్టిఫికెట్ తప్ప ఇంకేదీ చెల్లదు. చూసి చాలా బాధేసింది. చిన్న పిల్లలున్నవాళ్లు ముందు మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో అది తీసుకోండి, అందులో బిడ్డ పేరు ఎక్కిందో లేదో కూడా చూడండి.

పోలీసు ఎంక్వైరీ అయ్యాక పోస్టులో వచ్చింది. అమ్మ కళ్లజోడు పెట్టుకుని, ఫొటో కంటే ముందు ఊరి పేరు వెతికి అక్షరం అక్షరం చదువుకుంది.