దుబాయ్ బెడ్ స్పేస్: షార్జాలో 9 నెలలు, డేరాలో 6 ఏళ్ళు, ఉండి చూసి రాస్తున్నా

మాది ఉద్దానం, కవిటి దగ్గర పల్లె. 2018 జనవరిలో దుబాయ్ వెళ్ళా, 2024 నవంబర్‌లో వచ్చేశా. ఐటీఐ ఎలక్ట్రీషియన్‌ని, అక్కడ బిల్డింగ్ మెయింటెనెన్స్ పని. ఇప్పుడు మా అక్క కొడుకు వచ్చే నెల వెళ్తున్నాడు, మొన్న ఫోన్ చేసి "మావయ్యా, షార్జాలో 400 దిర్హమ్‌లకే బెడ్ ఉందంట, దుబాయ్‌లో అయితే 800 చెప్తున్నారు, షార్జాయే ఖాయం చేసీమంటావా" అన్నాడు. ఆగరా బాబూ, బేగి పడకు అన్నా. (బెడ్ అంటే నలుగురితో కలిసి ఉండే రూమ్‌లో ఒక మంచం అద్దెకి తీసుకోవడం. షార్జా దుబాయ్ పక్కనే ఉన్న వేరే ఊరు, డేరా దుబాయ్‌లోనే ఒక ఏరియా.) ఎందుకు ఆగమన్నానో ఫోన్లో చెప్తే సగం కూడా ఎక్కదు, అందుకే కూర్చుని రాస్తున్నా. సోంపేట, ఇచ్ఛాపురం వైపు నుంచి గానీ అటు బొబ్బిలి, చీపురుపల్లి నుంచి గానీ మొదటిసారి వెళ్ళే కుర్రోళ్ళు ఎవరైనా ఉంటే చదువుకోండి.

కంపెనీయే రూమ్ ఇచ్చే ఉద్యోగమైతే మీకిది అక్కర్లేదు. నాది అలవెన్స్ ఇచ్చి నీ బెడ్ నువ్వే చూసుకో అనే రకం. జీతం 1800, రూమ్‌కి 400, మొత్తం 2200. నేను దిగిన నెలలోనే అక్కడ 5 శాతం వ్యాట్ మొదలైంది, 2018 జనవరి 1 నుంచి, దిర్హమ్ చూస్తే అప్పుడు 17న్నర రూపాయలే. అంటే ఇంటికి పంపేది ఎంత తక్కువో చూసుకోండి, ఏజెంట్‌కి కట్టిన అప్పు ఒకటి నెత్తి మీద. (ఏజెంట్ మాట వచ్చింది కాబట్టి చెప్పేస్తా, లైసెన్స్ ఉన్న ఏజెంట్ మన దగ్గర తీసుకోవాల్సింది 30 వేలు, పైన జీఎస్టీ, అంతే. నా దగ్గర ఒకడు దానికి మూడింతలు లాగాడు, రసీదు కూడా ఇవ్వలేదు. ఈ-మైగ్రేట్ అని విదేశీ ఉద్యోగాలకి మన ప్రభుత్వ సైట్ ఉంది, అందులో ఏజెంట్ పేరు చూసుకోకుండా ఎవడికీ డబ్బులివ్వొద్దు.)

మొదట మా ఊరి దగ్గరి అన్నయ్య ఒకాయన షార్జా రోలాలో ఉండేవాడు, ఆయన రూమ్‌లోనే బెడ్, 350 దిర్హమ్‌లు. చవక అనుకున్నా. రూమ్ బాగానే ఉండేది, మనుషులు మంచోళ్ళు, అందులో వంక పెట్టను. కానీ మా కంపెనీ స్టోర్ దుబాయ్ కరామాలో, పొద్దున్న 6న్నరకి అక్కడ వ్యాన్ ఎక్కాలి, లేకపోతే ఆ రోజు ఆబ్సెంటే. రోలా నుంచి జుబైల్ బస్ స్టేషన్‌కి నడిచి, ఈ303 బస్సుకి లైన్లో నిలబడి, డేరాలో యూనియన్ మెట్రో స్టేషన్ దగ్గర దిగి మళ్ళీ మెట్రో ఎక్కాలి, నాలుగింటికి లేస్తే గానీ అయ్యేది కాదు. సాయంత్రం అయితే ఇంక చెప్పక్కర్లేదు, షార్జా వెళ్ళే రోడ్డు మీద బండ్లు చీమల బారులా ఉంటాయి, 5న్నరకి డ్యూటీ దిగితే రూమ్‌కి చేరేసరికి 8న్నర, ఒక్కోసారి 9. ఆ టైమ్‌లో వంట ఎవడు చేస్తాడు, కింద మలయాళీ కెఫెటేరియాలో రెండు పరోటా, ఒక కూర, ఒక చాయ్. నెలకి అది ఎంత అవుతుందో అప్పుడు లెక్కే రాసుకోలేదు.

లెక్క రాసుకునే రోజు అక్టోబర్‌లో వచ్చింది. 2018 అక్టోబర్ 11 తెల్లారగట్ల తిత్లీ తుఫాను మన పలాస, వజ్రపుకొత్తూరు దగ్గర తీరం దాటింది. ముందు రోజు రాత్రి అమ్మతో మాట్లాడా, గాలి మొదలైందిరా అంది, తర్వాత రెండ్రోజులు ఫోన్ కలవలేదు, టవర్లు లేవు, కరెంట్ లేదు. రూమ్‌లో మన జిల్లా వాళ్ళం నలుగురం నేల మీద కూర్చుని ఒకరి ఫోన్ ఒకరం మార్చుకుంటూ నొక్కుతూనే ఉన్నాం. మూడో రోజు నాన్న దొరికాడు. "అందరం బాగున్నాం రా, చెట్లే లేవు" అన్నాడు. మాకు 40 కొబ్బరి చెట్లు, కొంచెం జీడి తోట. 31 చెట్లు పడిపోయాయి. కొబ్బరి మొక్క ఈరోజు పెడితే కాపుకి రావడానికి ఏళ్ళు పడుతుంది, అంటే అన్నాళ్ళూ ఇల్లు నా జీతం మీదే నడవాలి.

ఆ రాత్రి నోట్ బుక్ తీసి రాశా. బెడ్ 350. బస్సు పోను 10 రాను 10, నెలకి 26 రోజులకి 520. మొత్తం 870, ఇంకా తిండి రాయలేదు. యూనియన్ నుంచి కరామాకి మెట్రో ఎక్కడున్నా తప్పదు కాబట్టి దాన్ని పక్కన పెట్టా. అదే డేరాలో యూనియన్ మెట్రోకి 6 నిమిషాల నడకలో 600కి బెడ్ ఉంది, కరెంట్, నీళ్ళు, వైఫై అందులోనే. బస్సే లేదు. అంటే చవక అనుకున్న బెడ్ నెలకి 270 ఎక్కువ పడుతోంది, అప్పటికి దిర్హమ్ 20 రూపాయలకి వచ్చింది, 5400 రూపాయలు, తొమ్మిది నెలలు అలాగే రోడ్డు మీద పోసేశా. రోజుకి నాలుగు గంటల నిద్ర కూడా పోయింది. ఆ అన్నయ్యకి చూపిస్తే చాలాసేపు కాగితమే చూస్తూ ఉండిపోయాడు, ఆయన అప్పటికి ఆరేళ్ళ నుంచి అలాగే తిరుగుతున్నాడు.

కాబట్టి నేను చెప్పేది ఒక్కటే, బెడ్ అద్దె ఎంత అని కాదు, బెడ్ ప్లస్ దారి ఖర్చు కలిపి ఎంత అని అడగాలి. అంకెలు మారతాయి, బస్సు చార్జీలు పెరుగుతాయి, అద్దెలు నేను వచ్చేనాటికే 800 దాటాయి. కానీ లెక్క వేసే పద్ధతి ఇదే. షార్జాలోనే పని దొరికిన వాళ్ళకి షార్జా బంగారం, అందులో డౌట్ లేదు.

నవంబర్‌లో డేరా మారా. మెట్రోకి నోల్ కార్డ్ అని ఉంటుంది, సిల్వర్ కార్డ్ 25 దిర్హమ్‌లు, అందులో 19 బ్యాలెన్స్ గానే వస్తుంది. ఒక జోన్‌లోపల 3, పక్క జోన్‌కి 5, అంతకంటే దూరమైతే 7న్నర. డేరా 5వ జోన్, కరామా 6వ జోన్, రోజూ వెళ్ళే వాళ్ళు నెల పాస్ తీసుకోవాలి, రెండు జోన్లకి 230. అన్ని జోన్లకీ అయితే 350. గోల్డ్ కార్డ్ జోలికి పోవద్దు, చార్జీ డబుల్, ట్రెయిన్ మాత్రం అదే. ఇంకోటి, ట్రెయిన్లో ఆడవాళ్ళకి వేరే పెట్టె ఉంటుంది, నేల మీద పింక్ గీత ఉంటుంది. నేను మొదటి వారం హడావుడిలో ఆ గీత దాటి నిలబడ్డా, 100 దిర్హమ్‌లు ఫైన్ కట్టించారు. మంచినీళ్ళు తాగినా 100 ఫైనే. ఎండలోంచి వచ్చి గొంతు ఎండిపోతుంటే చెయ్యి బాటిల్ మీదకి పోతుంది, స్టేషన్ బయటే తాగేసి లోపలికి వెళ్ళండి.

బెడ్ చూడ్డానికి వెళ్ళినప్పుడు ఏటేటి చూడాలో చెప్తా. మొదటిది నల్లులు. దుబాయ్ బెడ్ స్పేస్‌లో మనిషిని ఇంటికి పంపేసేది ఎండ కాదు, నల్లులే. డబ్బులివ్వక ముందు పరుపు మూల పైకెత్తండి, ఫోన్ టార్చ్ వేసి కుట్టు వెంబడి చూడండి, ఇనప మంచం అయితే కమ్మీలు అతికిన చోట సందుల్లో చూడండి, దిండు పక్క గోడ మీద తుప్పు రంగు చుక్కలు, వేలితో నలిపినట్టు గీతలు ఉంటే ఆ రూమ్ వద్దు, 100 దిర్హమ్‌లు తగ్గిస్తానన్నా వద్దు. నేను చూసిన నాలుగో రూమ్‌లో గానీ గోడ శుభ్రంగా కనపళ్ళేదు. రెండోది ఎన్ని బాత్రూమ్‌లు, పొద్దున్న 5కి ఎంతమంది డ్యూటీకి వెళ్తారు. ఎనిమిది మందికి ఒక బాత్రూమే అయినా నలుగురు నైట్ డ్యూటీ అయితే ఇబ్బంది లేదు, అందరూ ఒకే షిఫ్ట్ అయితే నరకం. మూడోది కింద బెడ్డా పైదా. పైదానికి 50 తక్కువ చెప్తారు గానీ ఏసీ గాలి సరాసరి మొహానికి కొడుతుంది, నేను రెండు నెలలు జలుబుతో పడ్డా.

ఎండాకాలం స్నానం సంగతి మన వాళ్ళకి ఎవరూ ముందు చెప్పరు. నీళ్ళ ట్యాంకులు మేడ మీద ఉంటాయి, జూన్ నుంచి మామూలు ట్యాప్ తిప్పితే మరిగే నీళ్ళే, చెయ్యి పెట్టలేం. అక్కడ పాత వాళ్ళు చేసేది ఏటంటే, గీజర్ స్విచ్ ఆపేస్తారు, గీజర్ బాత్రూమ్ లోపల ఏసీ చల్లదనంలో ఉంటుంది కాబట్టి అందులో నిలిచిన నీళ్ళు చల్లబడతాయి, అప్పుడు వేడి నీళ్ళ ట్యాప్ తిప్పి చల్లగా స్నానం చేస్తారు. ముందు వెళ్ళినోడికే చల్లనీళ్ళు, మూడోవాడి టైమ్‌కి మళ్ళీ వేడి. మేం ఐదుగురం రోజు మార్చి రోజు వంతు పెట్టుకున్నాం.

తిండి సంగతికి వస్తే, రూమ్ దగ్గరైతేనే మెస్ నడుస్తుంది, ఇదే పెద్ద తేడా. మాది ఐదుగురి మెస్, నేను, టెక్కలి తమ్ముడు, బొబ్బిలి వాళ్ళిద్దరు, తుని ఆయన ఒకాయన. మనిషికి నెలకి 250 నుంచి 300 అయ్యేది, రోజుకొకరు వండాలి, ఉదయం బాక్స్ కూడా అందులోనే. షార్జాలో ఉన్నప్పుడు బయట తిన్నదానికి ఇది సగం కూడా కాదు. మన సోనామసూరి, కందిపప్పు, చింతపండు అన్నీ దొరుకుతాయి, మన ఉద్దానం పనసకాయ తప్ప నాకు లోటు అనిపించింది లేదు. చేపలకి డేరాలోనే వాటర్‌ఫ్రంట్ మార్కెట్ ఉంది, సెలవు రోజు రాత్రి పొద్దుపోయాక వెళ్ళేవాళ్ళం, అప్పటికి బేరానికి దిగుతారు. వంజరాన్ని అక్కడ కనాద్ అంటారు, అది మన బడ్జెట్ కాదు, కవ్వళ్ళు, కానాగంతలు మాత్రం కేజీలు కేజీలు తెచ్చుకునేవాళ్ళం. తుని ఆయన కవ్వళ్ళ పులుసు పెడితే పక్క రూమ్ మంగళూరు వాళ్ళు గిన్నె పట్టుకుని వచ్చేవాళ్ళు.

ఇంక నాకు కోపం తెప్పించిన విషయం. 2022లో మా ఫ్లాట్ నడిపే మనిషి హాల్లో ప్లైవుడ్ చెక్కలు కొట్టి పార్టిషన్లు చేశాడు, ముగ్గుర్ని అదనంగా పెట్టాడు. దుబాయ్‌లో అది చట్టానికి విరుద్ధం. తనిఖీ వాళ్ళు వచ్చారు, మూడ్రోజుల్లో అందరం ఖాళీ చెయ్యాల్సి వచ్చింది, మా డిపాజిట్లు తలా 600 ఇవ్వకుండా ఫోన్ ఆపేశాడు. మన పేరు ఎక్కడా కాగితం మీద లేదు, ఎక్కడికెళ్ళి అడుగుతాం? ఆ తర్వాత తీసుకున్న రూమ్‌లో ముందు అడిగింది ఇదే, ఎజారీ, అంటే ప్రభుత్వం దగ్గర నమోదైన అద్దె కాగితం, ఎవరి పేరు మీద ఉంది, ఉండేవాళ్ళ పేర్లు దుబాయ్ రెస్ట్ అనే ప్రభుత్వ యాప్‌లో ఎక్కిస్తావా లేదా అని. ఎక్కిస్తానన్నోడికి 50 ఎక్కువిచ్చా, బాధపడలేదు. 2025లో రిగ్గా, మురక్కబాత్, సత్వా, రఫా, బర్షా ఏరియాల్లో పార్టిషన్ల మీద గట్టిగా దాడులు చేశారు, మా పాత రూమ్ వాళ్ళే చెప్పారు. కాబట్టి ఇప్పుడు వెళ్ళేవాళ్ళు కర్టెన్, చెక్క కనపడితే చాలు వెనక్కి తిరిగి వచ్చెయ్యండి.

ఎండ గురించి పెద్దగా రాయను, అందరికీ తెలిసిందే. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12న్నర నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదు, అది రూల్, అడిగి తీసుకోండి. మన ఉద్దానం వాళ్ళకి మాత్రం ఒక మాట, కిడ్నీ అంటే ఏంటో మన ఇళ్ళల్లో చూసిన వాళ్ళం, మేడ మీద చిల్లర్ (బిల్డింగ్ ఏసీకి చల్లదనం ఇచ్చే పెద్ద యంత్రం) దగ్గర పని ఉన్న రోజు దాహం వేసేదాకా ఆగొద్దు, నేను రెండు లీటర్ల బాటిళ్ళు రెండు తాడుకి కట్టి నాతోనే తీసుకెళ్ళేవాడ్ని.

ఫోన్ సంగతి ఇంట్లో ముందే చెప్పి వెళ్ళండి. అక్కడ వాట్సాప్ కాల్ పోదు, మెసేజ్, ఫోటో వరకే. నేను చెప్పకుండా వెళ్ళా, మొదటి రాత్రంతా అమ్మ వీడియో కాల్ నొక్కుతూనే ఉందంట. తర్వాత అక్కడ కాల్ పోయే బోటిమ్ యాప్ పెట్టించా. మనసు బాలేనప్పుడు నేను చేసేది ఒకటుంది, డేరా నుంచి బర్ దుబాయ్‌కి క్రీక్ మీద చెక్క పడవ, అబ్రా అంటారు, ఒక్క దిర్హమ్. సాయంత్రం ఎక్కి అటు దిగి గుడికి వెళ్ళి మళ్ళీ ఇంకో దిర్హమ్‌కి ఇటు వచ్చేవాడ్ని. ఉప్పు గాలి, డీజిల్ వాసన, కాళ్ళ కింద చెక్క ఊగడం, కళ్ళు మూసుకుంటే మన బారువ రేవులో ఉన్నట్టే ఉండేది.

దగ్గర బెడ్ విలువ నాకు రెండోసారి తెలిసింది 2024 ఏప్రిల్ 16న. ఆ దేశంలో 1949 నుంచి లెక్కలు రాస్తుంటే అంత వాన ఎప్పుడూ లేదన్నారు. మెట్రో ఆగిపోయింది, రోడ్లన్నీ చెరువులు. ఆరోజు నాకు రిగ్గాలో ఒక బిల్డింగ్‌లో డ్యూటీ, మోకాళ్ళ నీళ్ళలో నడిచి అరగంటలో రూమ్‌కి వచ్చేశా, టెక్కలి తమ్ముడు అన్నం వండి ఉంచాడు. నా షార్జా అన్నయ్య ఆ రాత్రి ఒక మాల్ పార్కింగ్‌లో గడిపాడు, వాళ్ళ వైపు కొన్ని వీధుల్లో వారం దాటినా నీళ్ళు తగ్గలేదు.

మా మేనల్లుడికి ఆఫీస్ అల్ కూజ్ వైపంట, అందుకే డేరా కూడా వద్దన్నా, బర్షా గానీ అల్ కూజ్ గానీ చూసుకోమన్నా, వ్యాన్ ఎక్కే చోటు నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రమ్మన్నా. నిన్న వాడి బ్యాగ్ నేనే సర్దా. మా అక్క మసాలా పొడి చేసి పెట్టింది, అందులో గసగసాలు వేసింది, అక్కడ గసగసాలు నిషేధం, ఎయిర్‌పోర్ట్‌లో పట్టుకుంటే జైలు దాకా పోవచ్చు, తీయించేసి మళ్ళీ దంచించా. నా నోల్ కార్డ్ వాడికిద్దామని పెట్టె వెతికా, దొరికింది, కానీ సిల్వర్ కార్డ్ గడువు ఐదేళ్ళే, నాది అయిపోయింది. కొత్తది కొనుక్కోమని నేను దాచుకున్న 25 దిర్హమ్‌ల నోట్లు వాడి చేతిలో పెట్టా.