నాలుగు గిన్నెల పక్షి మేత పళ్లెం: ఆరు నెలల వాడకం తరువాత

డాబా పిట్టగోడకు బిగించుకోవడానికి ఫిబ్రవరిలో 850 రూపాయలు పెట్టి తెప్పించుకున్న ఈ మేత పళ్లెంలో నాలుగు స్టీలు గిన్నెలు విడివిడిగా ఉంటాయి. దేనికది ఊడదీసి కడుక్కోవచ్చు. అలా విడిగా ఉండడమే దీని అసలు గుణమని ఇప్పుడు నమ్మకంగా చెప్పగలను. పండ్లు తినే పక్షులు దొరికిందల్లా మింగుతాయని అనుకుంటాం గాని, అన్నీ కలిపి ఒకే చోట పోసినంత కాలం అవి ఏరుకునే తీరు మన కంటపడదు.

మొదటి వారం ఒక గిన్నెలో ద్రాక్షపండ్లు, మరొక దానిలో బొప్పాయి ముక్కలు, మూడో దానిలో పళ్లెంతో పాటు వచ్చిన పొట్లంలోని మేత వేసి, నాలుగో దానిలో నీళ్లు పోశాను. ఆ మేత బన్నులో వేసే టూటీ ఫ్రూటీ లాంటిది: చక్కెర పాకంలో ఊరి ఎండిన ఎర్రని, పచ్చని పలుకులు. ఒక గోరింక వచ్చి ఎర్ర పలుకును ముక్కున కరుచుకుని, తల విదిలించి కింద పడేసి, పక్క గిన్నెలోని ద్రాక్షపండు మీదికి పోయింది. తరువాతి రోజుల్లోనూ అదే తంతు. ఆ పలుకులు చివరికి చీమలపాలయ్యాయి. కారణం రుచి ఒక్కటే కాకపోవచ్చు. మనం వాడే చక్కెర, అంటే సుక్రోజ్, ఒంటబట్టాలంటే పేగులోని సుక్రేజ్ అనే ఎంజైము దానిని గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడగొట్టాలి. గోరింకల కుటుంబానికే చెందిన ఐరోపా స్టార్లింగుకు ఆ ఎంజైము లేదు; సుక్రోజ్ ఎక్కువగా తింటే దానికి విరేచనాలవుతాయి. ద్రాక్షలోని తీపి దాదాపు అంతా గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లదే. ఇవేవీ పట్టించుకోకుండా పొట్లం మీద “సంపూర్ణ పోషకాహారం” అని అచ్చు వేయడం నాకు నిజంగా బాధ కలిగించింది.

ఏప్రిల్‌లో మా మల్లె పందిరిలో పిగిలిపిట్టలు గూడు కట్టినప్పుడు ఈ పళ్లెం విలువ మరింత తెలిసింది. తల్లీ తండ్రీ తెల్లవారగానే వచ్చి బొప్పాయి తినేవి, కానీ పిల్లల నోటికి మాత్రం అక్కడి నుంచి ఒక్క ముక్కైనా తీసుకుపోలేదు. మందార ఆకుల అడుగున వెతికి పచ్చని గొంగళిపురుగును పట్టి, గోడకేసి రెండు సార్లు కొట్టి, అప్పుడు గూటికి చేర్చేవి. పండ్ల గుజ్జులో శక్తి పుష్కలమే అయినా మాంసకృత్తులు తక్కువ. రోజురోజుకీ పెరిగే పిల్లకు అది చాలదు. అందుకే ఆ నెలంతా మొక్కలకు పురుగుమందు కొట్టలేదు. (పండ్లనే నమ్ముకుని బతికే కోకిల తన గుడ్లను కాకి గూట్లో పెడుతుంది గనుక, దాని పిల్ల కాకి తెచ్చే తిండితోనే పెరుగుతుంది.)

వీధి చివరి మేడిచెట్టు కాయలు పండిన వారాల్లో కంసాలి పిట్టలూ కోకిలలూ మా వైపు చూడనైనా చూడలేదు. మేడి, రావి, మర్రి జాతి పండ్లలో చాలా అడవి పండ్లలో కన్నా కాల్షియం ఎక్కువ. గుడ్డు పెంకుకూ పిల్లల ఎముకలకూ కావలసింది అదే. జూన్‌లో వేపపండ్లు రాలే కాలానికి గోరింకలు కూడా గిన్నెలను వదిలి చెట్టెక్కాయి. దానిని పళ్లెం లోపంగా నేను లెక్కించను. చుట్టూ చెట్లున్న చోట గిన్నె ఖాళీ కాకపోవడమే మంచిది, అటువంటప్పుడు సగం పండ్లు పెడితే చాలు.

లోపం చెప్పాలంటే బిగించే మరలదే: తొలి వానకే తుప్పు పట్టాయి, స్టెయిన్‌లెస్ స్టీలువి కొని మార్చుకోవలసి వచ్చింది. గిన్నెలు లోతు తక్కువ కావడంతో ఎండ బాగా ఉన్న రోజు కోసిన పండు మధ్యాహ్నానికే పులుస్తుంది, కనుక పొద్దున్నే కొద్దిగా పెట్టి పదకొండింటికల్లా తీసి కడగాలి. పళ్లానికి 5లో 4 ఇస్తాను. పొట్లానికి ఏమీ ఇవ్వలేను; అది లేకుండా పళ్లెం ఒక్కటే అమ్ముతారేమో కొనే ముందు అడగండి.