మా ఆసుపత్రి సైటులో 3డి కోఆర్డినేషన్ సర్వీసు: ప్లంబింగ్ వాళ్ళ రివ్యూ

బెంగళూరు వైట్‌ఫీల్డ్ అవతల కట్టిన ఒక ఆసుపత్రికి మా కంపెనీ ప్లంబింగ్, ఫైర్ పైపుల పని చేసింది. రెండు బేస్‌మెంట్లు, పైన ఆరు అంతస్తులు. భవనాన్ని ముందే కంప్యూటర్‌లో 3డి మోడల్‌గా కట్టి, మా పైపులు, ఏసీ వాళ్ళ డక్టులు, ఎలక్ట్రికల్ వాళ్ళ ట్రేలు ఒకదానికొకటి అడ్డం పడకుండా చూసే పనిని మెయిన్ కాంట్రాక్టర్ హెచ్‌ఎస్‌ఆర్ లేఔట్‌లోని ఒక చిన్న మోడలింగ్ ఆఫీసుకు అప్పగించాడు. అందులో మా వాటా ఖర్చును మా బిల్లులోంచే పట్టుకున్నారు, కాబట్టి ఇది మేం డబ్బు పెట్టి వాడిన సర్వీసు. ఆఫీసు పేరు రాయను. బెంగళూరులో ఇలాంటి ఆఫీసులకు కొదవ లేదు, నేను చూసినంతలో పని తీరు కూడా దాదాపు ఒకేలా ఉంటుంది. పద్ధతి గురించి చెబితేనే మీకు ఉపయోగం.

డబ్బు దండగ కాలేదని ముందే చెప్పేస్తాను. మేం పెట్టిన దానికన్నా ఎక్కువే కోర్ కటింగ్ (గట్టిపడిన కాంక్రీటుకు రంధ్రాలు కొట్టడం), రీవర్క్ తప్పి మాకు మిగిలింది. అయితే ఆ లాభం ఎక్కువగా వచ్చింది మంగళవారం మీటింగుల్లో, ఆ తర్వాత సైటులో ట్యాబ్ చుట్టూ చేరిన ఫిట్టర్ల దగ్గర. మోడల్‌కు ఎంత బాగా రంగులు వేశారన్నది నేను పట్టించుకోలేదు.

ప్లంబింగ్ వాళ్ళకే ఈ అవసరం ఎందుకు ఎక్కువో చెబుతాను. మంచినీళ్ళ లైను పంపు ఒత్తిడితో నడుస్తుంది, ఏదైనా అడ్డం వస్తే పైకో కిందికో తిప్పుకుంటాం. మురుగు లైనుకు ఆ వెసులుబాటు లేదు, వాలు మీదే పోవాలి. 110 మి.మీ. సాయిల్ పైపును (టాయిలెట్ మురుగు పైపు) 1:100 వాలుతో 12 మీటర్లు తీసుకెళ్తే ఆ చివర 120 మి.మీ. కిందికి దిగుతుంది. ఆసుపత్రి కారిడార్‌లో ఆ 120 మి.మీ. దొరకడమే గగనం. బీమ్ కింద, ఫాల్స్ సీలింగ్ పైన ఉన్న కొద్దిపాటి సందులో డక్టులు, ఏసీకి చల్లటి నీళ్ళు తెచ్చే చిల్డ్ వాటర్ పైపులు, కేబుల్ ట్రేలు, ఆక్సిజన్ లైను, స్ప్రింక్లర్ పైపులు అన్నీ సర్దుకోవాలి. విడివిడిగా చూస్తే ఎవరి డ్రాయింగూ తప్పు కాదు. సైటులోకి వచ్చాక మాత్రం ముందు వచ్చినవాడిదే చోటు, మా అనుభవంలో ముందు వచ్చేది డక్ట్ వాళ్ళే. మిగిలిన చోట్లో వాలు కుదరక, బీమ్‌కు రంధ్రం పెట్టనివ్వమని మేం స్ట్రక్చరల్ కన్సల్టెంట్ చుట్టూ తిరుగుతాం. పైగా ఇక్కడ వేసింది పీటీ (పోస్ట్ టెన్షన్డ్) స్లాబ్. లోపల బిగువుగా లాగిన స్టీల్ కేబుళ్ళు ఉంటాయి. స్కాన్ చేయకుండా డ్రిల్లు పెట్టి కేబుల్ తెంపితే అది ప్రాణాల మీదికి వచ్చే వ్యవహారం. 'ముందు పోసేయండి, తర్వాత చూసుకుందాం' అనే మాట పీటీ స్లాబ్ దగ్గర కుదరదు.

ఆర్కిటెక్చర్, స్ట్రక్చర్, ఏసీ, ఎలక్ట్రికల్, ప్లంబింగ్ దేనికది రెవిట్ అనే 3డి మోడలింగ్ సాఫ్ట్‌వేర్‌లో విడి మోడల్‌గా ఉండేది. సోమవారం సాయంత్రానికి వాటన్నిటినీ నేవిస్‌వర్క్స్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చి, కలిపి, ఏది దేనికి తగులుతుందో వెతికే క్లాష్ డిటెక్టివ్ నడిపేవాళ్ళు. మొదటిసారి వచ్చిన లిస్టు వేలల్లో ఉంది. చూడగానే అందరికీ టెన్షన్. ఈ పని ఎప్పటికి తేలుతుందని ఏసీ వాళ్ళ ఇంజనీరు లేచి వెళ్ళబోయాడు కూడా. కోఆర్డినేటర్ మా హిందూపురం పక్క అమ్మాయే. ఆమె ఆ లిస్టును అలాగే మా ముందు పడేయలేదు. ఒకే డక్ట్ ఇరవై పైపులకు తగిలితే సాఫ్ట్‌వేర్ ఇరవై క్లాష్‌లు చూపిస్తుంది, కానీ డక్ట్‌ను ఒక్కసారి జరిపితే అన్నీ పోతాయి. అలాంటివాటిని ఒక గుంపు కట్టేది. పైపు గోడలోంచి పోయే మామూలు చోట్లను తీసేసేది. ఆ వారం సెంట్రింగ్ పడబోయే అంతస్తుకు సంబంధించినవి మాత్రమే మీటింగుకు తెచ్చేది. ఈ సర్వీసు మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ అమ్మాయి చేసిన ఈ వడపోత. లిస్టును ఏ ఆఫీసైనా తీసి ఇస్తుంది, ఏది ముందు తేల్చాలో చెప్పాలంటే సైటు తెలిసి ఉండాలి.

రెండో అంతస్తులో ఆపరేషన్ థియేటర్ల ముందు కారిడార్ సంగతే తీసుకోండి. అక్కడ 600 వెడల్పు, 400 ఎత్తు డక్ట్ కింద నుంచి మా సాయిల్ లైను అడ్డంగా దాటాలి. దాటితే ఫాల్స్ సీలింగ్ కిందికి పైపు కనబడుతుంది. పాత పద్ధతిలో అయితే ఇది వారాల తరబడి ఉత్తరాలు నడిచే సంగతి. మీటింగులో ఆ అమ్మాయి మోడల్‌ను పక్కకు తిప్పి చూపించి, "సార్, డక్ట్‌ను 800 వెడల్పు, 300 ఎత్తు చేస్తే గాలి వెళ్ళే చోటు అంతే ఉంటుంది కదా, అక్కకు 100 మి.మీ. దొరుకుతుంది" అంది. అక్క అంటే నేనే. ఏసీ కన్సల్టెంట్ ఫోన్ లైనులోనే ఉన్నాడు. డక్ట్‌లో గాలికి ఘర్షణ కొంచెం పెరుగుతుంది, ఫ్యాన్‌కు అది భారం కాదు అని లెక్క చూసి ఒప్పుకున్నాడు. ఆ పక్క బీమ్ ఎంత కిందికి ఉందో, ట్రే ఎక్కడ ఉందో అందరికీ ఒకే బొమ్మలో కనబడుతోంది కాబట్టి వాదన పెరగలేదు. అరగంటలో తేలిపోయింది.

తగిలేవాటితో పాటు మరీ దగ్గరగా వచ్చేవాటిని కూడా వెతికించుకోవచ్చు. దీన్ని తప్పకుండా అడగండి. వాల్వ్ హ్యాండిల్ తిరగడానికి చోటు, చిల్డ్ వాటర్ పైపు మీద ఇన్సులేషన్ మందం, ప్యానెల్ ముందు మనిషి నిలబడే ఖాళీ ఇవేవీ మామూలు క్లాష్ లిస్టులో రావు, ఎందుకంటే అక్కడ ఏదీ దేనికీ తగలడం లేదు. ఇంత దూరం ఉండాలి అని మనం కొలత ఇస్తేనే పట్టుకుంటుంది.

ఇక సైటు. మా ఫోర్‌మన్‌ది శ్రీకాకుళం జిల్లా సోంపేట. ఫిట్టర్లలో సగం మంది ఆ వైపు వాళ్ళు, మిగతావాళ్ళు ఒడిశాలోని కేంద్రపడా నుంచి వచ్చిన ప్లంబర్లు. ప్లంబింగ్‌కు ఆ జిల్లా దేశమంతా పేరున్నది, పని చూస్తే ఎందుకో అర్థమవుతుంది. పక్కన కేబుల్ ట్రేలు బిగించేవాళ్ళు కలబురగి కుర్రాళ్ళు. ఇంగ్లీషులో రాసిన సెక్షన్ డ్రాయింగును ఇంతమందికి మూడు భాషల్లో వివరించడం మామూలు కష్టం కాదు. మేం ఒక ట్యాబ్‌లో ఆ అంతస్తు మోడల్‌ను దించి ఫోర్‌మన్‌కు ఇచ్చాం. మంచినీళ్ళు నీలం, వేడినీళ్ళు ఎరుపు, మురుగు గోధుమ రంగు. వేలితో తిప్పితే పైపు ఏ బీమ్ పక్క నుంచి ఎక్కడికి పోతుందో చదువుతో పని లేకుండా తెలుస్తుంది. మూడు భాషల వాళ్ళూ ఒకే ట్యాబ్ మీదికి వంగి 'నీది ముందా, నాది ముందా' అని తేల్చుకోవడం నేను కళ్ళారా చూశాను. ఈ రంగంలో ఇన్నేళ్ళుగా ఉన్నా నాకు అంత సంతోషం కలిగించిన దృశ్యాలు తక్కువ.

అంతకన్నా ముఖ్యమైనది, ఫోర్‌మన్ ఆ ట్యాబ్‌లో ఒక లోపం పట్టుకున్నాడు. టాయిలెట్ల వెనక షాఫ్ట్‌లో మోడల్ ప్రకారం డోర్ బెండ్ (శుభ్రం చేయడానికి మూత ఉన్న మలుపు ఫిట్టింగు) మూత గోడ వైపు తిరిగి ఉంది. "మేడమ్, రేపు ఇది జామైతే రాడ్ ఎటు నుంచి దూరుస్తాం? గోడ పగలగొట్టాల" అన్నాడు. సాఫ్ట్‌వేర్‌కు అక్కడ ఏ తప్పూ కనబడలేదు, నిజానికి ఏదీ దేనికీ తగలడం లేదు కూడా. ఆ మాటను మోడల్‌లో ఆ చోటే గుర్తుపెట్టి పంపాం, తర్వాతి మంగళవారానికి అన్ని అంతస్తుల షాఫ్ట్‌ల్లోనూ మూతలు తలుపు వైపు తిరిగాయి. ఇలాంటి వ్యాఖ్యలు పంపుకోవడానికి బీసీఎఫ్ అనే ఫైలు పద్ధతి ఉంది. అందులో మోడల్ ఉండదు, ఆ చోటు, ఆ కోణం, ఫోటో, వ్యాఖ్య మాత్రమే ఉంటాయి. ఫైలు చిన్నది, అవతలివాళ్ళు వేరే సాఫ్ట్‌వేర్ వాడుతున్నా తెరవగానే సరిగ్గా ఆ మూలే కనబడుతుంది. వాట్సాప్‌లో ఫోటో మీద ఎర్ర గీత గీసి పంపే అలవాటు మానిపించడానికి ఇది చాలు.

ఇప్పుడు నచ్చనివి. ఆఫీసు వాళ్ళు సాఫ్ట్‌వేర్‌తో వచ్చే రెడీమేడ్ ఫిట్టింగులనే వాడారు. అవి విదేశీ కొలతలవి. మనం కొనే ఎస్‌డబ్ల్యూఆర్ (మురుగు, వాననీటి) పైపులు ఐఎస్ 13592 అనే భారతీయ ప్రమాణం ప్రకారం 75, 110, 160 మి.మీ. సైజుల్లో వస్తాయి, బెండ్లు, వై ఫిట్టింగులు ఎంత చోటు తీసుకుంటాయన్నది వేరు. మోడల్‌లో ఇమిడిన మలుపు చేతిలో ఉన్న ఫిట్టింగుతో ఇమడలేదు. మా సప్లయర్ కేటలాగ్ ఇచ్చి, ఫిట్టింగులన్నీ మళ్ళీ తయారు చేయించడానికి నానా తంటాలు పడ్డాం. హ్యాంగర్లు, సపోర్టులు అసలు గీయలేదు. అడిగితే ఒప్పందంలో ఎల్‌ఓడీ (మోడల్‌లో ఎంత వివరం గీయాలన్న స్థాయి) 300 అని ఉంది, సపోర్టులు కావాలంటే 350 అన్నారు. సాంకేతికంగా వాళ్ళ మాట నిజమే, కానీ ఆసుపత్రి కారిడార్‌కు 300 సరిపోదని ఒప్పందం రాసేటప్పుడే వాళ్ళు చెప్పి ఉండాల్సింది.

నాకు నిజంగా కోపం తెప్పించింది షాప్ డ్రాయింగుల (సైటులో చూసి పని చేసే డ్రాయింగుల) సంగతి. మోడల్ నుంచి క్యాడ్ షీటు తీశాక, తొందరలో ఆ షీటు మీదే కొలతలు చేత్తో మార్చి పంపారు. మోడల్‌లో ఒకటి, సైటుకు వచ్చిన కాగితంలో ఇంకొకటి. స్లీవ్‌లు (పైపు దూరడానికి కాంక్రీటు పోసే ముందే పెట్టే గొట్టాలు) కాగితం చూసి పెట్టాలా, ట్యాబ్ చూసి పెట్టాలా? సెంట్రింగ్ మీద నిలబడి ఈ ప్రశ్న అడగాల్సి రావడం ఘోరం. మార్పును ఒక్క చోట చేస్తే డ్రాయింగులన్నిటిలోనూ అదే మారాలి అన్నది ఈ విధానానికి పునాది. ఈ విధానానికి ఆద్యుల్లో ఒకడైన చార్లెస్ ఈస్ట్‌మన్ 1975లోనే ఈ మాట రాశాడు, రెవిట్ 2000లో బయటికి వచ్చింది కూడా ఆ ఆలోచనతోనే. ఆ పునాదినే తీసేస్తే మోడల్‌కు ఎందుకు డబ్బు ఇవ్వాలి?

ఇలాంటి మోడళ్ళ సమాచార నిర్వహణకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 19650 ప్రకారం పని చేస్తామని కొటేషన్‌లో పెద్ద అక్షరాలతో రాశారు. ఆ ప్రమాణం ప్రకారం ఏ ఫైలు ఇంకా పనిలో ఉంది, ఏది పంచుకోవడానికి సిద్ధం, ఏది ఆమోదం పొంది విడుదలైంది, ఏది పాతది అని నాలుగు స్థితులు స్పష్టంగా వేరుగా ఉండాలి. మొదట్లో మాకు దొరికింది అన్నీ కలిపిన ఒకే ఫోల్డర్. గట్టిగా అడిగాక వేరు చేశారు, ఆ తర్వాత గందరగోళం లేదు.

సైటు ఆఫీసు లాప్‌టాప్‌లో చూడటానికి నేవిస్‌వర్క్స్ ఫ్రీడమ్ ఉచితంగా దొరుకుతుంది. ఎన్‌డబ్ల్యూడీ (నేవిస్‌వర్క్స్‌లో కలిపిన మోడల్) ఫైలు తెరిచి లోపల తిరిగి చూడటానికి చాలు, క్లాష్ పరీక్ష మాత్రం అందులో నడపలేం. విండోస్ ఉండాలి. భవనం మొత్తాన్ని ఒకే ఫైలుగా పంపితే మామూలు లాప్‌టాప్ మొరాయిస్తుంది, అంతస్తుల వారీగా ఇవ్వమనండి. బేస్‌మెంట్లలో సిగ్నల్ ఉండదు కాబట్టి ట్యాబ్‌లోకి పొద్దున్నే దించుకోవాలి. రెవిట్ ఏ సంవత్సరం వెర్షనో అందరూ మొదటి రోజే ఒప్పుకోవడం మంచిది, కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఫైలు పాతదానిలో తెరుచుకోదు. పని ముగిశాక ఐఎఫ్‌సీ కాపీ కూడా తీసుకోండి. అది ఏ ఒక్క కంపెనీదీ కాదు, ఐఎస్ఓ 16739 కింద ఉన్న ఫార్మాట్, చూడటానికి ఉచిత వ్యూయర్లు ఉన్నాయి. ఆసుపత్రి వాళ్ళు వాల్వ్ ఎక్కడుందో వెతుక్కోవడానికి ఏటా లైసెన్సు కొనక్కర్లేదు.

యజమానులకు చూపించిన వాక్‌త్రూ (మోడల్ లోపల నడిచినట్టు స్క్రీన్ మీద చూపేది) వల్ల మాకూ ఒక మేలు జరిగింది. ఐసీయూ గదులు స్క్రీన్ మీద చూస్తూ నర్సింగ్ సూపరింటెండెంట్ అక్క, చేతులు కడుక్కునే సింక్, గది తలుపు తెరిస్తే దాని వెనక పడుతోందని ఆపించింది. ప్లాన్ కాగితం మీద ఆమె సంతకం అప్పటికే ఉంది. గోడల్లో పైపులు ఇంకా పెట్టలేదు కాబట్టి సింక్‌ను రెండో గోడకు మార్చడం మాకు సులువైంది. వీఆర్ కళ్ళద్దాల డెమోకు విడిగా డబ్బు అడుగుతారు, మా పనికి దాని అవసరం రాలేదు.

రెండు మూడు అంతస్తుల ఇంటికి ఈ ఖర్చు వద్దు, అనుభవమున్న మేస్త్రీ, సరైన ప్లంబింగ్ డ్రాయింగు చాలు. ఆసుపత్రి, హోటల్, ల్యాబ్ అయితే తీసుకోండి. ఆఫీసును ఎంచుకునేటప్పుడు వాళ్ళు ముందుగా వాక్‌త్రూ వీడియోనే పెడతారు. అది పక్కన పెట్టించి, వాళ్ళు పూర్తి చేసిన ఏదైనా భవనంలో ఒక టాయిలెట్ షాఫ్ట్‌ను తెరిచి చూపించమనండి. హ్యాంగర్లు ఉన్నాయా, డోర్ బెండ్ మూత ఎటు తిరిగి ఉంది, మనిషి చెయ్యి పట్టే చోటుందా అని అడగండి. అప్పుడు మీ ఫోర్‌మన్‌ను కూడా పక్కనే కూర్చోబెట్టుకోండి.