ఘటసర్పం 14 అంగుళాలు, సిలువ 4 అంగుళాలు: ఒక ప్రకటన గ్రంథ పటంపై అభిప్రాయం

మా ఆదివారపు బడిలో పెద్ద తరగతి పిల్లలకు ఈ ఏడాది బైబిలు చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథం బోధించే పని నా మీద పడింది. గోడకు వేలాడదీసే పటం ఉంటే చెప్పడం సులువవుతుందని, ఒక క్రైస్తవ పుస్తకాల దుకాణంలో 650 రూపాయలు పెట్టి ఒక ఫ్లెక్సు పటం కొన్నాను. పొడవు ఆరడుగులు, ఎత్తు మూడడుగులు. ఎడమ అంచున ఏదెను తోట, కుడి అంచున నూతన యెరూషలేము, ఆ రెంటి నడుమ సాతాను ఆకాశం నుంచి పడడం మొదలుకొని అగ్నిగుండంలో పడవేయబడేదాకా కథంతా బొమ్మల్లో ఉంది. తప్పులు కూడా చెప్పబోతున్నాను కాబట్టి దుకాణం పేరు గానీ ముద్రించినవారి పేరు గానీ రాయడం లేదు.

వస్తువుగా చూస్తే ఇచ్చిన డబ్బుకు అన్యాయం జరగలేదు. పైనా కిందా చెక్క బద్దలు గట్టిగా ఉన్నాయి, నాలుగు నెలలుగా కిటికీ ఎండ తగులుతున్నా రంగు వెలియలేదు, చివరి బెంచీ పిల్లలు కూడా అక్షరాలు చదవగలుగుతున్నారు. అన్నిటికంటే బాగా కుదిరినది 20వ అధ్యాయపు భాగం. అగాధపు తాళపుచెవి, పెద్ద సంకెల పట్టుకుని దిగివచ్చే దూత, సాతాను బంధింపబడిన వెయ్యి సంవత్సరాలు, ఆ తరువాత కొంచెం కాలం విడుదల, గోగు మాగోగుల దండు, ఆకాశం నుంచి దిగిన అగ్ని, చివరికి గుండం, ఇవన్నీ బాణపు గుర్తుల వెంట వరుసగా సాగుతాయి. సాతాను పక్షాన నిలిచే క్రూరమృగము, అబద్ధ ప్రవక్త 19వ అధ్యాయంలోనే గుండంలో పడతారనీ, సాతాను వంతు వెయ్యేళ్లు దాటిన తరువాత గానీ రాదనీ ఎన్నిసార్లు చెప్పినా తికమకపడే పిల్లలకు ఈ బాణాలు ఒక్క చూపులో విషయం తేల్చాయి.

చిత్రకారుడి తొందర మాత్రం ఘటసర్పం, అంటే ప్రకటన గ్రంథంలో సాతానుకున్న రూపం, దగ్గర బయటపడింది. దాని పది కొమ్ముల మీద పది కిరీటాలు గీశారు. 12వ అధ్యాయంలో ఘటసర్పానికి ఏడు తలలు, పది కొమ్ములు ఉన్నా కిరీటాలు ఏడే, అవీ తలల మీద. కొమ్ముల మీద పది కిరీటాలున్నది 13వ అధ్యాయంలో సముద్రంలో నుంచి వచ్చే క్రూరమృగానికి. ఈ తప్పు పట్టుకున్నది నేను కాదు, బైబిలు తెరిచి వేలితో లెక్కపెట్టిన ఏడో తరగతి అమ్మాయి.

అయితే కిరీటాల లెక్క కంటే నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది కొలతల లెక్క. స్కేలు పెట్టి చూశాను. ఘటసర్పం 14 అంగుళాలుంటే సిలువ 4 అంగుళాలుంది, అది కూడా రెండు గడుల మధ్య గీతకు ఆనుకుని, దారి చూపే గుర్తులాగా. సాతాను ఓటమి ఎప్పుడు జరిగిందని కొత్త నిబంధనను అడిగితే అది మొదట చూపేది ఆ సిలువనే. తన మరణానికి ముందు యేసు ఇప్పుడు ఈ లోకాధికారి (అంటే సాతాను) బయటకు త్రోసివేయబడునని చెప్పినట్లు యోహాను 12వ అధ్యాయంలో ఉంది. సహోదరులు గొఱ్ఱెపిల్ల రక్తాన్ని బట్టీ తామిచ్చిన సాక్ష్యాన్ని బట్టీ వానిని జయించారని ప్రకటన 12:11 చెబుతుంది. అగ్నిగుండం ఆ తీర్పు పూర్తిగా అమలయ్యే చోటు. తనకు సమయము కొంచెమే అని తెలిసినందువల్లనే అపవాది బహు క్రోధంతో దిగివచ్చాడని అదే అధ్యాయం అంటుండగా, ఈ పటంలో వాడు ఇంకా ఓడని రాజులాగా, గోడ సగం ఆక్రమించి కూర్చున్నాడు. ఆదికాండము 3:15లోని మొదటి ప్రవచనాన్ని, అంటే స్త్రీ సంతానం సర్పాన్ని తలమీద కొట్టుననే మాటను, ఏదెను గడిలో రాసినవారు అక్కడి నుంచి సిలువకు ఒక్క బాణమైనా గీయలేదు.

సాతాను ప్రభావం అనే పేరుతో కింద ఒక పట్టీ ఉంది. అందులో సారా సీసా, పేకముక్కలు, సినిమా తెర, సెల్‌ఫోను కనబడతాయి. నేను ఫోనులోనే వాక్యం తెరిచి చదువుతుంటే పిల్లలు పటాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి నవ్వుకున్నారు. తెలుగు బైబిలు వాడిన అపవాది అన్న మాటే అసలు సంగతి చెబుతుంది: అపవాదు వేసేవాడు, నేరం మోపేవాడు. జెకర్యా 3వ అధ్యాయంలో మలిన వస్త్రాలతో నిలిచిన ప్రధాన యాజకుడు యెహోషువ మీద ఫిర్యాదు చేయడానికి సాతాను కుడి పక్కన నిలబడిన దృశ్యానికి ఆ పట్టీలో చోటు దొరకలేదు. క్షమాపణ పొందినవాణ్ని పాత తప్పుతో మళ్లీ మళ్లీ పొడవడం వాడి పనుల్లో పెద్దదని చెప్పడానికి సీసా బొమ్మ చాలదు.

మొదటి గడిలో లూసిఫర్ పతనం అని రాసి యెషయా 14ను చూపారు. ఆ లేఖనం బబులోను రాజును గురించిన ఎత్తిపొడుపు పాట అని ఆ అధ్యాయమే చెబుతుంది. మన బైబిల్లో ఉన్నది తేజోనక్షత్రమా, వేకువచుక్కా అన్న పిలుపు. లూసిఫర్ అనేది దానికి లాటిను అనువాదంలో వచ్చిన మాట. తొలి శతాబ్దాల సంఘ పితరుల్లో కొందరు దానిని సాతానుకు అన్వయించగా, 16వ శతాబ్దపు సంఘ సంస్కర్త కాల్విన్ ఆ అన్వయాన్ని ఒప్పుకోలేదు. పైగా ప్రకటన 22:16లో యేసు తనను తానే ప్రకాశమానమైన వేకువ చుక్క అని చెప్పుకున్నాడు. ఈ సంగతి చిన్న అక్షరాలతోనైనా వేయవలసింది.

వెయ్యేళ్ల పాలన గురించి క్రైస్తవులందరిదీ ఒకే మాట అన్నట్లు గీయడం మరో లోపం. విశ్వాసులు ఆకాశానికి ఎత్తబడుట, ఏడేళ్ల శ్రమలు, ఆపై వెయ్యేళ్లు అనే ఈ గడుల వరుస 19వ శతాబ్దపు బ్రిటనులో జాన్ నెల్సన్ డార్బీ అనే బోధకుడి బోధతో బలపడి, ఆ తరువాత అమెరికాలో క్లారెన్స్ లార్కిన్ అనే బాప్టిస్టు కాపరి గీసిన పటాల ద్వారా బాగా వ్యాపించింది. ఆయన కాపరి కాకముందు యంత్రాల నమూనాలు గీసినవాడు కాబట్టి ఆ గీతల పొందిక అర్థమవుతుంది. వెయ్యేళ్లంటే ఇప్పటి సంఘకాలమేనని తొలి శతాబ్దాల సంఘ పితరుడు అగస్టీను అర్థం చెప్పాడు. పునరుత్థానానికి ముందే భక్తులు లోకరాజ్యం ఏలుతారనే బోధను లూథరన్లు పాటించే 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం తోసిపుచ్చింది. గుంటూరు చుట్టుపక్కల లూథరన్ కుటుంబాల పిల్లలు మా బడిలో ఉన్నందున ఆ విషయం నేను నోటితో చెప్పుకోవలసి వచ్చింది.

చివరి గడిలో సాతాను త్రిశూలంలాంటి ఆయుధం పట్టుకుని అగ్నిగుండంలో అధికారిలాగా నిలబడి ఉన్నాడు. ఆ గుండంలో వాడు యుగయుగములు బాధింపబడతాడని ప్రకటన 20:10 చెబుతుంది గానీ అక్కడ వానికి పెత్తనం ఇవ్వలేదు. పునర్ముద్రణలో ఈ గడినీ కిరీటాలనూ సరిదిద్ది, సిలువను నడిమధ్యకు తెచ్చి పెద్దది చేస్తే మరో పటం కొంటాను. ప్రస్తుతానికి ఆ మూల మీద ఒక క్యాలెండరు తగిలించి, మిగిలినదానితో పాఠం చెబుతున్నాను.