నడక నేర్చిన కొడుకుతో రోజువారీ షికార్లకు ఫ్రేమ్ ఉన్న వీపు సంచి

నడక వచ్చిన పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని రోజూ బయటికి వెళ్లే తండ్రిని దూరం కంటే పిల్లవాడి మనసు మారే వేగమే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. వాడు కాసేపు ఉత్సాహంగా పరిగెత్తుతాడు, దారిలో చీమల బారు కనిపిస్తే అక్కడే చతికిలబడతాడు, లేవగానే ఎత్తుకోమని రెండు చేతులూ చాపుతాడు, ఎత్తుకున్న రెండు నిమిషాలకే దించమని కాళ్లు తన్నుకుంటాడు. ఈ వయసు పిల్లల్ని వీపున కూర్చోబెట్టుకుని నడవడానికి అల్యూమినియం ఫ్రేమ్‌తో, నడుం బెల్టుతో, నేల మీద నిలబెట్టే స్టాండుతో తయారయ్యే సంచులను చాలా కంపెనీలు అమ్ముతున్నాయి. కొండలెక్కేవారిని దృష్టిలో పెట్టుకుని రూపొందించిన ఈ వస్తువును మా అబ్బాయికి ఏడాది దాటినప్పటి నుంచి గ్రంథాలయానికి, పార్కుకు, బస్సు స్టాపుకు, చిల్లర పనులకు వాడుతూ వస్తున్నాను. ఈ రకం సంచుల నిర్మాణం దాదాపు ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి, ఇక్కడ రాస్తున్నది ఒక్క మోడల్‌కు పరిమితమైన మాట కాదు.

ప్రకటనల్లో ఈ సంచిని ఎంత బరువు మోస్తుంది, వీపుకు ఎంత గాలి ఆడుతుంది అన్న లెక్కల మీదే పొగుడుతారు. పిల్లవాణ్ణి ఎంత తేలిగ్గా కిందికి దించగలం, ఎంత త్వరగా మళ్లీ ఎక్కించగలం అన్నదే నా దృష్టిలో మొదటి ప్రశ్న. దీనికి బలమైన కారణం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్ల లోపు పిల్లల కోసం విడుదల చేసిన మార్గదర్శకాల్లో, ఏడాది దాటిన పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు చురుగ్గా కదలాలని, తోపుడు బండిలో గానీ ఎత్తు కుర్చీలో గానీ పెద్దవాళ్ల వీపున గానీ ఒక్క విడతలో గంటకు మించి కట్టి ఉంచకూడదని స్పష్టంగా చెప్పారు. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో కారెన్ అడాల్ఫ్ బృందం 2012లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, 12 నుంచి 19 నెలల పిల్లలు స్వేచ్ఛగా ఆడుకునేటప్పుడు గంటకు సగటున 2,368 అడుగులు వేశారు, 17 సార్లు పడ్డారు. అంతగా నడిచి, అంతగా పడి నేర్చుకునే వయసులో ఉన్న పిల్లవాణ్ణి, మన పని త్వరగా అవుతుందన్న కారణంతో గంటల తరబడి సంచిలో బిగించి తిప్పడం న్యాయం కాదు. వాడి నడకే ప్రధానం. సంచి ఉండేది వాడు అలిసిపోయినప్పుడు, రోడ్డు దాటాల్సి వచ్చినప్పుడు, మెట్లెక్కేటప్పుడు, జనం తోసుకుంటున్నప్పుడు.

ఈ కొలతతో చూస్తే మొత్తం సంచిలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం కింద ఉండే స్టాండు. దాన్ని కాలితో వెనక్కి లాగితే టక్కుమని శబ్దం వచ్చి బిగుసుకుంటుంది, సంచి తనంతట తాను నిలబడుతుంది, పిల్లవాణ్ణి కూర్చోబెట్టడానికి రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. మా సంచికి పక్కన ఒక బకుల్ ఉంది. అది విప్పితే అటువైపు తలుపులా తెరుచుకుంటుంది. మావాడు తనే నడిచి వచ్చి ఆ సందులోంచి లోపలికి ఎక్కి, పాదాలు లూపుల్లో పెట్టుకుని, భుజాల మీదికి బెల్టు వేయించుకోవడానికి చేతులు పైకెత్తి నిలబడతాడు. పైనుంచి మాత్రమే దించే రకం సంచిలో పిల్లవాణ్ణి చంకల కింద పట్టుకుని ఎత్తి, తన్నుకునే కాళ్లను రెండు వైపులా సర్ది కూర్చోబెట్టాలి. పది కిలోలు దాటిన పిల్లవాడితో ఆ పని రోజుకు చాలాసార్లు చేయాలంటే నడుము ఒప్పుకోదు. అంతకంటే ముఖ్యంగా, తనంతట తాను ఎక్కే పిల్లవాడు సంచిలో కూర్చోవడాన్ని తన నిర్ణయంగా భావిస్తాడు కాబట్టి పేచీ పెట్టడు. కొనాలనుకునేవారు మిగతా హంగులన్నీ వదులుకున్నా పరవాలేదు గానీ, ఈ పక్క బకుల్ ఉన్నదే తీసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

స్టాండు ఎంత గట్టిగా ఉన్నా దాన్ని కుర్చీగా వాడకూడదు. నేల చదునుగా లేకపోతే, లేదా పిల్లవాడు ఒక పక్కకు బలంగా ఒరిగితే, సంచి పడిపోతుంది. పిల్లవాడు లోపల ఉన్నంతసేపూ ఒక చేయి ఫ్రేమ్ మీద ఉండాలి. బల్లల మీద, అరుగుల మీద అసలు నిలబెట్టకూడదు.

భుజానికెత్తుకునే పద్ధతి మాత్రం నేర్చుకోవాల్సిందే. పైనున్న పిడిని ఒక చేత్తోనూ, భుజం పట్టీని మరో చేత్తోనూ పట్టుకుని, ఒక మోకాలు ముందుకు వంచి, సంచిని ముందుగా ఆ తొడ మీదికి తెచ్చి, అక్కడి నుంచి ఒక చేయి పట్టీలోకి దూర్చి వీపు మీదికి తిప్పుకోవాలి. తర్వాత అన్నిటికంటే ముందు నడుం బెల్టును తుంటి ఎముకల పైన బిగించాలి, ఆ పైనే భుజం పట్టీలు, చివరగా ఛాతీ పట్టీ. చాలామంది తండ్రులు దీన్ని మామూలు బడిసంచిలా భుజాలకు తగిలించుకుని, పావుగంటకే మెడ పట్టేసిందని సంచిని నిందిస్తారు. బరువులో ఎక్కువ భాగం తుంటి మీద నిలవాలి, భుజం పట్టీలు సంచి వెనక్కి వాలకుండా పట్టి ఉంచడానికే. వీపు పొడవును సర్దుకునే ఏర్పాటు కూడా ఉండటం వల్ల వాళ్లమ్మ వేసుకునేటప్పుడు ఆ పట్టీని కిందికి దించుకుంటే సరిపోతుంది.

బరువు లెక్కను కొనేముందే వేసుకోవడం మంచిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెరుగుదల పట్టికల ప్రకారం మగపిల్లల మధ్యస్థ బరువు ఏడాదికి 9.6 కిలోలు, రెండేళ్లకు 12.2, మూడేళ్లకు 14.3. ఇలాంటి సంచి ఖాళీగానే సుమారు మూడు కిలోలు తూగుతుంది. నీళ్ల సీసా, మార్చే బట్టలు, డైపర్లు, తువ్వాలు కలిపితే ఇంకో రెండు కిలోలు. అంటే రెండేళ్ల పిల్లవాడితో బయల్దేరే తండ్రి వీపు మీద పదిహేడు కిలోలకు పైగా ఉంటుంది. పేరున్న మోడళ్లలో చాలావాటికి పిల్లవాడు, సామాను, సంచి అన్నీ కలిపి 22 కిలోల వరకే పరిమితి. కాగితం మీద మూడేళ్లు దాటేవరకు సరిపోతుందనిపించినా, రోజువారీ వాడకంలో మోసేవాడి మోకాళ్లు అంతకంటే ముందే ఆపమంటాయి. ఇక చిన్న వయసు విషయానికొస్తే, పిల్లవాడు ఆసరా లేకుండా కూర్చోగలిగి, తలను స్థిరంగా నిలపగలిగే వరకు దీన్ని వాడకూడదు.

తోపుడు బండితో పోలిక తప్పదు. గొడుగులా మడతపడే తేలికపాటి బండిని 1965లో ఓవెన్ మెక్లారెన్ అనే విమాన ఇంజనీరు రూపొందించాక తల్లిదండ్రుల ప్రయాణాలే మారిపోయాయి, అందులో సందేహం లేదు. నున్నటి దారి మీద, ఎక్కువ సామానుతో, పిల్లవాడు గాఢంగా నిద్రపోయే వేళ బండికి సాటి లేదు. నడుం నొప్పి ఉన్నవారు రెండో ఆలోచన లేకుండా బండే తీసుకోవాలి. అయితే మెట్లు, గుంతలు, ఇసుక, గడ్డి, ఇరుకు సందులు వచ్చినచోట బండిని మోసుకుంటూ పిల్లవాణ్ణి కూడా చంకనెత్తుకోవాల్సి వస్తుంది. మెత్తటి గుడ్డతో చేసిన క్యారియర్ మరో దారి. టోగోలో తల్లులు పిల్లల్ని వీపుకు కట్టుకోవడం చూసి వచ్చిన అమెరికన్ నర్సు ఆన్ మూర్ 1960ల్లో తయారుచేసి, 1969లో పేటెంటు పొందిన స్నగ్లీ వంటి వాటికి ఇవి వారసులు. మడిచి చేతిసంచిలో పెట్టుకోవచ్చు, బస్సులో ఇబ్బంది ఉండదు, ఒంటికి హత్తుకుని ఉండటంతో పిల్లవాడు త్వరగా నిద్రపోతాడు. కాకపోతే నడిచే వయసు పిల్లవాణ్ణి దాంట్లోంచి పదే పదే దించి మళ్లీ కట్టుకోవడం పెద్ద పని, పైగా ఎండాకాలంలో ఇద్దరి ఒళ్లూ తడిసి ముద్దవుతాయి.

ఫ్రేమ్ సంచి ఈ రెండింటి కంటే స్పష్టంగా మెరుగైన చోటు ఒకటుంది. దాన్ని ఏ ప్రకటనలోనూ నేను చూడలేదు. అందులో కూర్చున్న పిల్లవాడి ముఖం నా చెవి పక్కన, కాస్త పైగా ఉంటుంది. నేను చూసేదే వాడూ చూస్తాడు. కరెంటు తీగ మీది కాకిని, రెండో అంతస్తులో బట్టలు ఆరేస్తున్న మనిషిని, మలుపు తిరుగుతున్న బస్సును వాడే ముందు చూసి, నా చెవి పట్టుకుని అటు తిప్పుతాడు. వాడు వేలు చూపిన దానికి నేను పేరు చెబితే, వెంటనే నా మెడ వెనక నుంచి సగం పలికిన ఆ మాట తిరిగి వినిపిస్తుంది. స్కాట్లాండ్‌లోని డండీ విశ్వవిద్యాలయానికి చెందిన సుజాన్ జీడిక్ 2008లో వెలువరించిన పరిశీలనలో, పిల్లలు తమవైపు తిరిగి కూర్చునే బండ్లను తోసే పెద్దలు, ముందుకు తిరిగి ఉండే బండ్లను తోసేవారి కంటే పిల్లలతో ఎక్కువగా మాట్లాడారని తేలింది. ఆ పరిశీలన వీపు సంచుల గురించి కాదు గానీ, పిల్లవాడి ముఖం దగ్గరగా ఉంటే మాట దానంతటదే వస్తుందన్నది నాకు రోజూ అనుభవమే. దారిలో ఎదురైన పెద్దవాళ్లు కూడా నాతో కాక వాడితోనే పలకరింపు మొదలుపెడతారు, ఎందుకంటే వాడు వాళ్ల కళ్లకు సమానంగా ఉన్నాడు.

లోపాలు లేకపోలేదు. మొదటిది, ముఖం అంత దగ్గరున్నా నాకు కనిపించదు. నిద్రపోయాడా, ఎండ కళ్లలో పడుతోందా, నోట్లో ఏమైనా పెట్టుకున్నాడా అన్నది తెలుసుకోవడానికి నడుం బెల్టు జేబులో చిన్న అద్దం ఉంచుకోవాలి, లేదా ఫోను ముందు కెమెరా తెరిచి చూసుకోవాలి. నిద్రపోతే వాడి తల పక్కకు వాలుతుంది. ముందున్న మెత్తటి దిండు గడ్డానికి ఆసరా ఇస్తుంది గానీ చాలదు. గడ్డం ఛాతీకి ఆనుకుపోతే శ్వాసకు అడ్డం కావచ్చు కాబట్టి, నిద్ర పట్టగానే ఆగి సర్ది, వీలైనంత త్వరగా దించి పడుకోబెట్టడమే పద్ధతి.

రెండోది ఎత్తు. వాడి తల నా తల కంటే పైన ఉంటుందన్న సంగతిని గుమ్మాల దగ్గర, చెట్టు కొమ్మల కింద, షెడ్ల చూరుల వద్ద క్షణం కూడా మరవకూడదు. కింద పడినదాన్ని తీసుకోవడానికి నడుం వంచితే పిల్లవాడు తల మీదుగా ముందుకు వస్తాడు, అందుకే మోకాళ్లు వంచి నిటారుగానే కూర్చోవాలి. లోపలి బెల్టు రెండు భుజాల మీద, నడుముకు రెండు పక్కల, కాళ్ల మధ్య కలిపి ఐదు చోట్ల పట్టి ఉంచేదిగా ఉండటం, ప్రతిసారీ దాన్ని పూర్తిగా బిగించడం తప్పనిసరి.

మూడోది పాదాల సంగతి. లూపులు సరిగా సర్దకపోతే కాళ్లు వేలాడి, సీటు అంచు తొడల వెనక ఒత్తి, కొద్దిసేపటికే తిమ్మిరెక్కుతాయి. తొడలు అడ్డంగా, మోకాళ్లు పిరుదులతో సమానంగానో కాస్త పైగానో ఉండేలా చూడాలి. పిల్లవాడు ఎదిగేకొద్దీ ఈ లూపులను దించుతూ రావాలి, ఇది ఒకసారి చేసి వదిలేసే పని కాదు. చలికాలంలో నడిచే తండ్రికి చెమట పడుతుంటే కదలకుండా కూర్చున్న పిల్లవాడి పాదాలు చల్లబడతాయి, మధ్యమధ్యలో తాకి చూసుకోవాలి. ఎండకు పైకప్పు బాగానే పనిచేస్తుంది, పిక్కలు మాత్రం బయటే ఉంటాయి.

బస్సులో ఈ సంచి నిజంగా ఇబ్బందే. పిల్లవాణ్ణి దించి ఒళ్లో కూర్చోబెట్టుకున్నాక ఖాళీ ఫ్రేమ్ ఒక మనిషి చోటు ఆక్రమిస్తుంది. రద్దీ వేళల్లో బస్సు ఎక్కాల్సి ఉంటే నేను గుడ్డ క్యారియరే తీసుకెళ్తాను. చిన్న ఇంట్లో దీన్ని దాచడానికి కూడా తలుపు వెనకంత జాగా కావాలి. ఉతకడం సులువే. నోటి దగ్గరి దిండు గుడ్డ విడిగా ఊడివస్తుంది, మిగతాదాన్ని తడిగుడ్డతో తుడిచి నీడలో ఆరబెడితే చాలు.

వారంలో ఎక్కువ రోజులు పిల్లవాడితో నడిచే అలవాటు, మెట్లో ఎగుడుదిగుడు దారులో ఉన్న చోటు, నొప్పి లేని నడుము ఉన్న తండ్రులకు దీన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. ఏడాదికి ఒకటి రెండు విహారయాత్రల కోసమే అయితే కొనడం కంటే తెలిసినవాళ్ల దగ్గర అడిగి తీసుకోవడం మేలు, ఎందుకంటే పిల్లలు దీన్ని దాటి ఎదిగిపోయాక చాలా ఇళ్లలో ఇది ఖాళీగానే పడి ఉంటుంది. అలా వాడినదాన్ని తీసుకునేటప్పుడు స్టాండును నాలుగైదు సార్లు తెరిచి మూసి అది బిగుసుకునే శబ్దం వినాలి, బెల్టు కుట్లను వేళ్లతో లాగి చూడాలి, బకుల్స్‌లో పగుళ్లున్నాయేమో వెలుతురులో పరీక్షించాలి. ఆ మోడల్‌ను కంపెనీ ఎప్పుడైనా లోపం వల్ల వెనక్కి పిలిపించిందేమో దాని వెబ్‌సైటులో చూసుకున్నాకే పిల్లవాణ్ణి ఎక్కించాలి.