కోడింగ్ కోసం ఫోన్ కొంటున్నారా? టైప్-సి ఉందని నమ్మి మోసపోకండి

ల్యాప్‌టాప్ బదులు ఫోన్‌లోనే లైనక్స్ పెట్టుకుని, మానిటర్‌కి కలిపి కోడింగ్ చేద్దామనుకునేవాళ్లు కొనేముందు ఇది చదవండి.

నేనూ అలాగే ఒక ఫోన్ కొన్నాను. అమ్మినతన్ని ప్రత్యేకంగా అడిగింది ఒక్కటే, మానిటర్‌కి కలపొచ్చా అని. "టైప్-సి ఉంది కదండీ, ఎందుకు రాదు" అన్నాడు. నమ్మాను. ఇంటికొచ్చి హబ్ (ఒక్క పోర్టుకి కీబోర్డు, మౌస్, మానిటర్ అన్నీ కలిపే పరికరం) పెట్టి హెచ్‌డీఎంఐ కేబుల్ బిగించాను. కీబోర్డు పనిచేసింది, మౌస్ బాణం ఫోన్ తెర మీద కదిలింది. మానిటర్ మీద మాత్రం "నో సిగ్నల్". కేబుల్ మార్చాను, హబ్ మార్చాను, అదే మాట. తప్పు వాటిది కాదు. టైప్-సి అంటే పోర్టు ఆకారం, అంతే. దాంట్లోంచి వీడియో రావాలంటే డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ (అదే పోర్టులోంచి వీడియో సిగ్నల్ పంపే సదుపాయం) ఉండాలి. ఈ ఫోన్‌లో అది లేదు, ఉన్నది ఉత్త యూఎస్‌బీ 2.0. స్పెసిఫికేషన్లలో 2.0 అని కనబడితే వీడియో మీద ఆశ వదులుకోండి. వాపసు అడిగితే "ఫోన్‌లో లోపమేం లేదుగా" అని పంపేశారు. అందుకే నోటిమాట నమ్మొద్దు. మీ హబ్, కేబుల్ వెంట తీసుకెళ్లి, డబ్బు కట్టకముందే కలిపి చూపించమనండి.

సరే, చిన్న తెర మీదే చేద్దామని టెర్మక్స్ (ఆండ్రాయిడ్‌లో లైనక్స్ కమాండ్లు నడిపే యాప్) వేసుకున్నాను. సర్వర్ నడుస్తుండగా, బ్రౌజర్‌లోకి వెళ్లి వచ్చేసరికి "ప్రాసెస్ కంప్లీటెడ్ (సిగ్నల్ 9)" అని కనిపించింది. మెమరీ చాలట్లేదేమో అనుకుని రెండు రోజులు టెన్షన్ పడ్డాను. ఆండ్రాయిడ్ 12 నుంచి యాప్‌లన్నిటికీ కలిపి చైల్డ్ ప్రాసెస్‌లు (యాప్ లోపల్నుంచి మొదలయ్యే వేరే ప్రోగ్రాములు) 32 దాటితే సిస్టమే చంపేస్తుందట. ఆండ్రాయిడ్ 14 అయితే డెవలపర్ ఆప్షన్స్‌లో "డిజేబుల్ చైల్డ్ ప్రాసెస్ రిస్ట్రిక్షన్స్" ఆన్ చేయండి. 12, 13లో ఏడీబీ (ఫోన్ సెట్టింగ్‌లను కమాండ్లతో మార్చే టూల్) కమాండ్లతో కుస్తీ పట్టాలి. డాకర్ (ప్రోగ్రాముల్ని కంటెయినర్లలో నడిపే టూల్) మీద ఆధారపడే పని ఉంటే మాత్రం రూట్ (సిస్టమ్ మీద పూర్తి అధికారం) లేని మామూలు ఫోన్‌లో టెర్మక్స్‌తో నేరుగా అవదు.

నన్ను అన్నిటికంటే ఏడిపించింది మాత్రం వేరే. టెర్మక్స్‌ని మొదట గిట్‌హబ్ నుంచి వేసుకుని, తర్వాత ఎఫ్-డ్రాయిడ్ అనే యాప్ స్టోర్‌లోని దానికి మారాను. రెండిటి డిజిటల్ సంతకాలు వేరు కాబట్టి పాతది తీసేస్తేగానీ కొత్తది ఎక్కదు. తీసేశాను. దాంతోపాటు హోమ్ ఫోల్డర్ మొత్తం పోయింది. అందులో పదకొండు రోజుల కోడ్ ఉంది, ఒక్కసారి కూడా గిట్‌హబ్ లాంటి చోటికి పుష్ చేయలేదు (పంపి దాచుకోలేదు).