గుడిమల్లం పరశురామేశ్వర స్వామి గుడి: తప్పకుండా వెళ్లండి

తిరుపతి నుంచి రేణిగుంట, పాపానాయుడుపేట మీదుగా బైక్‌లో వెళ్లాం. క్యూ లేదు, తోపులాట లేదు. గర్భగుడి నేల కాస్త కిందికి ఉంటుంది, దీపం వెలుగులో సుమారు 5 అడుగుల లింగం, దాని మీదే చెక్కిన వేటగాడి రూపంలో శివుడు, కుడి చేతిలో పొట్టేలు, భుజాన గొడ్డలి, కాళ్ల కింద మరుగుజ్జు యక్షుడు. ఇది క్రీస్తు పూర్వం నాటిదని చాలామంది చరిత్రకారుల మాట. ఆ రాతి నునుపు చూస్తుంటే, ఇన్ని వందల ఏళ్లుగా ఎందరు ఇలాగే నిలబడి దండం పెట్టుకున్నారో అనిపించి ఒళ్లు జలదరించింది. పూజారిగారు మమ్మల్ని తొందరపెట్టలేదు, అడిగినవన్నీ ఓపిగ్గా చెప్పారు (నాకైతే సగం పుణ్యం అక్కడే దక్కింది). బంగారు తాపడాలు, మైకులు లేకపోయినా మనసు దానంతటదే నిమ్మళించింది. దగ్గర్లో హోటళ్లు కనబడలేదు, టిఫిన్ చేసుకునే బయల్దేరండి.